బోదకాలు మాత్ర వెనక ఒక వలస మనిషి

ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు మింగిస్తుంది కదా, ఆ డీఈసీ మందు పుట్టింది అమెరికాలో, మన భీమవరం మనిషి నడిపిన పరిశోధనలో. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో పుట్టారు. మద్రాసులో డాక్టరీ చదివి 1923లో బోస్టన్ చేరినా, పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేశారు. డిగ్రీ ఉండీ చిన్న పనిలో కుదురుకున్న మీకు ఇది కొత్త కాదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పసిఫిక్ దీవులకు పంపిన అమెరికా సైనికుల్లో వేలమందికి దోమకాటుతో ఫైలేరియా సోకింది. తూటా తగలకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది, సరైన మందు లేదు. మన గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఉన్న జబ్బే. సైనికులకు వచ్చాకే కంపెనీలు పట్టించుకున్నాయని నాకనిపిస్తుంది. 1947లో ఆయన బృందం ఈ మందు బయటపెట్టింది. అప్పటికి యుద్ధం అయిపోయింది. మేలు మాత్రం మన ఊళ్లకు దక్కింది.

మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే పోయారు. పాతికేళ్లలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడనేలేదు.