కూలీ హక్కు తేల్చిన లెక్కల మాస్టారు అల్ ఖ్వారిజ్మీ

తెల్లాపూర్: ఇక్కడ టవర్ల పనికి వచ్చిన కూలీ నెల మధ్యలో ఊరికి వెళ్లాల్సొస్తే, చేసిన రోజులకు ఎంత రావాలి? ఈ ప్రశ్నకు దాదాపు 1,200 ఏళ్ల కిందటే పుస్తకంలో జవాబు రాసిన వ్యక్తి ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780లో పుట్టారు. ఖలీఫా మామూన్ పాలనలో బగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. 820 ప్రాంతంలో రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబర్' మాటే ఆల్జీబ్రా అయింది. ఐటీ కంపెనీల్లో మనవాళ్లు రోజూ అనే 'అల్గారిథమ్' ఆయన పేరు నుంచి వచ్చిందే.

ఆ పుస్తకంలో ఎక్స్, వైలు లేవు, అంతా మాటల్లోనే. తెలియని సంఖ్యను 'షై' అన్నారు. మన ఉర్దూలో వస్తువుకు వాడే మాటే అది.

బేరసారాలకు విడిగా ఒక అధ్యాయం పెట్టారు. సరుకు కొలత, దాని ధర, మనకు కావలసిన కొలత, కట్టాల్సిన సొమ్ము. ఈ నాలుగింటిలో మూడు తెలిస్తే నాలుగోది తేలుతుంది. కూలీకీ అదే సూత్రం. 30 రోజులకు 10 దిర్హమ్‌లని మాట్లాడుకుని 6 రోజులే చేస్తే? పదిని ఆరుతో గుణించి ముప్పైతో భాగించాలి. 2 దిర్హమ్‌లు అతని హక్కు.

పుస్తకంలో దాదాపు సగం విరాసత్, వసీయత్ లెక్కలే. ఆడబిడ్డ వాటా కూడా అందులో తేలాల్సిందే.

సుమారు 850లో ఆయన కన్నుమూశారు. మన పిల్లలు మార్కుల కోసం చేసే ఈ లెక్కలు ఒకరి హక్కు ఇంకొకరు తినకుండా ఉండటానికీ పనికొస్తాయి. ఇంట్లో ఈ మాట చెప్పి నేర్పిద్దాం.