కడగండ్లలో కదలని విశ్వాసం: పండిత రమాబాయి

ఆకలి బాధను అనుభవించినవారికే అన్నార్తుల ఆక్రందన స్పష్టంగా వినబడుతుంది. పదహారేళ్ల ప్రాయంలో కరువు వాతబడి తల్లిదండ్రులను కోల్పోయిన ఒక బాలిక, ఇరవై రెండేళ్ల తరువాత అటువంటి కరువులోనే వందలాది అనాథలకు తల్లి అయింది. ఆమే పండిత రమాబాయి. సంస్కృత విదుషిగా, సంఘసంస్కర్తగా, రచయిత్రిగా, క్రైస్తవ భక్తురాలిగా ఆమె ప్రఖ్యాతి గడించింది. విధి తన ఆత్మీయులను ఒక్కొక్కరినే తీసుకొనిపోయినా, దైవం తనను చేయి విడువదన్న నమ్మకంతో ఆమె జీవితాన్ని కొనసాగించింది. అయితే ఆ నమ్మకం ఆమెకు పుట్టుకతో లభించినది కాదు. ఎన్నో సందేహాలను, దుఃఖాలను దాటి సంపాదించుకొన్నది.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగమూల అరణ్యంలో జన్మించింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. తల్లి లక్ష్మీబాయి. స్త్రీలకు సంస్కృత విద్య తగదని భావించిన ఆ కాలంలో అనంతశాస్త్రి తన భార్యకు ఆ భాషను నేర్పాడు. తోటి పండితులు ఆక్షేపించినా ఆయన లెక్కచేయలేదు. ఊరు విడిచి అడవిలో నివాసం ఏర్పరచుకొన్నాడు. తాను భర్త వద్ద నేర్చిన విద్యను లక్ష్మీబాయి తన కుమార్తెకు అందించింది. ఇంటి పనులు మొదలుకాకముందే, తెల్లవారుజామున చిన్నారి రమను నిద్రలేపి శ్లోకాలు వల్లె వేయించేది. ఆ విధంగా రమాబాయి చిన్నతనంలోనే పదునెనిమిది వేల పురాణ శ్లోకాలను కంఠస్థం చేసింది.

కాలక్రమంలో ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు దర్శిస్తూ, పురాణ పఠనంతో జీవనం సాగించింది. చేతనున్న ధనమంతా దానధర్మాలకు ఖర్చయింది. అంతలో దక్షిణ దేశంలో కరువు వచ్చింది. పురాణం వినేవారు కరువయ్యారు. కాయకష్టం చేసి బ్రతకడం ఆ కుటుంబానికి అలవాటు లేదు; యాచించడానికి అభిమానం అడ్డువచ్చింది. తిరుపతి ప్రాంతపు అడవులలో వారు పదకొండు రోజులపాటు ఆకులు, అడవి పండ్లు మాత్రమే తిని కాలం గడిపారు. చూపు కోల్పోయి, వార్ధక్యంతో కృశించిన అనంతశాస్త్రి జలసమాధి పొందాలని సంకల్పించాడు. అప్పుడు కుమారుడు శ్రీనివాసుడు తాను కూలిపని చేసైనా అందరినీ పోషిస్తానని చెప్పి తండ్రిని ఆ ప్రయత్నం నుండి మరలించాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. 1874లో తండ్రి మరణించాడు. కొద్ది కాలానికే తల్లి కూడా కన్నుమూసింది.

తల్లి పాడె మోయడానికి తగినంతమంది దొరకలేదు. ఇద్దరు పురుషులు మాత్రమే దయతలచి ముందుకు వచ్చారు. అన్న ఒకవైపు మోయగా, నాలుగవ వ్యక్తిగా రమాబాయి నిలిచింది. ఎత్తు చాలనందువల్ల పాడెను భుజంపై కాక తలపై ఉంచుకొని సుమారు మూడు మైళ్లు నడిచి శ్మశానానికి చేర్చింది. ఆ తరువాత అక్క కూడా మరణించింది.

మిగిలిన అన్నాచెల్లెళ్లు ఉత్తర భారతమంతా కాలినడకన తిరిగారు. జీలం నది ఒడ్డున చలిని తట్టుకోవడానికి ఇసుకలో గుంటలు తవ్వి, మెడ వరకు పొడి ఇసుక కప్పుకొని రాత్రులు గడిపారు. ఎన్ని వ్రతాలు ఆచరించినా, ఎన్ని తీర్థాలు సేవించినా తమవారు దక్కలేదన్న ఆవేదన వారిని పీడించింది. చిన్ననాటి విశ్వాసాలు సడలిపోయాయి. వాటి స్థానంలో నిలిచేదేమిటో వారికి తెలియలేదు.

1878లో వారు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల యువతి సంస్కృతంలో అనర్గళంగా ప్రసంగించడం చూసి అక్కడి విద్వాంసులు ఆశ్చర్యపోయారు. ఆమె పాండిత్యాన్ని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. అయితే 1880లో అన్న శ్రీనివాసుడు మరణించాడు. అదే సంవత్సరం రమాబాయి బిపిన్ బిహారీ మేధావి అనే న్యాయవాదిని వివాహమాడింది. కులాంతర వివాహం కావడంతో బంధుమిత్రులు దూరమయ్యారు. 1881లో వారికి మనోరమ అనే కుమార్తె జన్మించింది. మరుసటి సంవత్సరమే భర్త కలరా వ్యాధికి బలయ్యాడు. ఇరవై మూడేళ్లకే, ఏడాదైనా నిండని బిడ్డతో రమాబాయి వితంతువుగా మిగిలింది.

వైధవ్యం ఆమెను గదిలో బంధించలేకపోయింది. 1882లో పూణే చేరి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించింది. విద్యావిధానాన్ని పరిశీలించడానికి ఏర్పడిన హంటర్ కమిషన్ ఎదుట నిలిచి స్త్రీలకు ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు అవసరమని వాదించింది. 1883లో వైద్యవిద్య అభ్యసించాలన్న కోరికతో ఇంగ్లండుకు ప్రయాణమైంది. కాని వినికిడి లోపం వల్ల ఆ కోరిక నెరవేరలేదు. మూసుకొన్న ఆ ద్వారం పక్కనే మరొకటి తెరచుకొంది. సమాజం వెలివేసిన స్త్రీలను అక్కున చేర్చుకొని సేవచేస్తున్న క్రైస్తవ సన్యాసినులను ఆమె లండనులో చూచింది. అందరూ ఏవగించుకొన్న సమరయ స్త్రీతో యేసుక్రీస్తు బావి వద్ద సంభాషించిన వృత్తాంతం ఆమె హృదయాన్ని తాకింది. పతితులను దూషించక ఉద్ధరించే దైవం తాను ఇంతకాలం వెదకుతున్న దైవమేనని ఆమె భావించింది. 1883 సెప్టెంబరు 29న వాంటేజ్ పట్టణంలో కుమార్తెతోపాటు బాప్తిస్మం పొందింది. మతం మారినా ఆమె స్వతంత్ర బుద్ధిని వదలుకోలేదు. తనకు నచ్చని సిద్ధాంతాలను గురించి క్రైస్తవ గురువులను సైతం నిస్సంకోచంగా ప్రశ్నించేది. భారతీయ వేషధారణను, శాకాహారాన్ని విడిచిపెట్టలేదు.

1886లో రమాబాయి అమెరికా వెళ్లి, వైద్య పట్టం పొందుతున్న ఆనందీబాయి జోషిని అభినందించింది. భారతదేశంలోని ఉన్నత కులాల స్త్రీల దుస్థితిని వివరిస్తూ 1887లో ఆంగ్లంలో గ్రంథం రచించింది. ఆమె ఉపన్యాసాలకు స్పందించిన అమెరికావాసులు బోస్టన్ నగరంలో రమాబాయి సంఘాన్ని ఏర్పరచి, పది సంవత్సరాలపాటు ఆర్థిక సహాయం చేయడానికి అంగీకరించారు. ఆ అండతో 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదనాన్ని ఆమె ప్రారంభించింది. మరుసటి సంవత్సరం అది పూణేకు మారింది. అక్కడి తొలి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయి తరువాతి కాలంలో ప్రసిద్ధ సంస్కర్త ధోండో కేశవ కర్వేను వివాహమాడింది.

అయితే సదనంలోని బాలికలు కొందరు క్రైస్తవ ప్రార్థనల పట్ల ఆకర్షితులవుతున్నారన్న వార్త 1893లో పెద్ద వివాదానికి దారితీసింది. పత్రికలు తీవ్రంగా విమర్శించాయి. సలహా సంఘంలోని రనడే, భండార్కర్ వంటి ప్రముఖులు వైదొలగారు. పలువురు తమ పిల్లలను తీసుకొనిపోయారు. రమాబాయి తన విశ్వాసాన్ని దాచుకోలేదు. తన పనిని ఆపలేదు. సదన పోషణకు ఆదాయం సమకూరాలన్న ఉద్దేశంతో పూణేకు సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని కేడ్గావ్ వద్ద భూమి కొని పండ్లతోట నాటించింది.

1896లో మధ్య పరగణాలలో భయంకరమైన కరువు ఏర్పడింది. ఆ వార్త విన్న రమాబాయికి తిరుపతి అడవులలో గడిపిన పదకొండు రోజులు గుర్తుకు వచ్చాయి. ఆమె వద్ద అదనపు ధనం లేదు. అమెరికా సంఘం వాగ్దానం చేసిన పదేళ్ల గడువు ముగింపుకు వస్తోంది. కొత్తవారిని చేర్చుకొంటే వారికి రేపటి అన్నం ఎక్కడిదో తెలియదు. అయినా దైవంపై భారముంచి ఆమె బయలుదేరింది. కరువు శిబిరాలలో అస్థిపంజరాల వలె ఉన్న బాలికలను, అనాథ స్త్రీలను చూచింది. దుర్మార్గుల చేతిలో పడకుండా వారిని కాపాడి, సుమారు మూడువందల మందిని తన వెంట తీసుకొనివచ్చింది. అదే సమయంలో పూణేలో ప్లేగు వ్యాపించడంతో వారిని నగరంలో ఉంచడం సాధ్యపడలేదు. ఆదాయం కోసం కొన్న కేడ్గావ్ భూమియే అప్పుడు వారికి ఆశ్రయమైంది. మొదట గుడారాలు, తరువాత పాకలు, ఆపై రాతి కట్టడాలు లేచాయి. అదే ముక్తి సదనం. 1900లో గుజరాత్ కరువు బాధితులు కూడా చేరగా ఆ ఆశ్రమవాసుల సంఖ్య పదిహేనువందలు దాటింది.

ముక్తి సదనంలో ప్రార్థన, శ్రమ జంటగా సాగేవి. దైవం పోషిస్తాడని నమ్మినవారు చేతులు ముడుచుకొని కూర్చోరాదని రమాబాయి అభిప్రాయం. పని నేర్వకపోవడం వల్ల తన కుటుంబం ఎంత నష్టపోయిందో ఆమె మరువలేదు. అందుచేత ప్రతి స్త్రీకీ చదువుతోపాటు నేత, కుట్టుపని, వ్యవసాయం, పాడి పోషణ, అచ్చుపని వంటి ఏదో ఒక వృత్తి నేర్పించింది. అంధులకు బ్రెయిలీ లిపిలో చదువు చెప్పించింది. పతితలకు, వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేక వసతులు కల్పించింది.

సామాన్య స్త్రీలకు సులభంగా అర్థం కావాలన్న తలంపుతో రమాబాయి హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును సరళమైన మరాఠీలోకి అనువదించింది. ఆశ్రమ స్త్రీలే దానిని తమ ముద్రణాలయంలో అచ్చువేశారు. ప్రభుత్వం 1919లో కైజర్-ఎ-హింద్ పతకంతో ఆమెను గౌరవించింది. కాని చివరి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. తన తరువాత ఆశ్రమ భారాన్ని వహిస్తుందని ఆశించిన ఏకైక కుమార్తె మనోరమ 1921 జూలైలో నలభై ఏళ్లకే మరణించింది. రమాబాయి అప్పటికి వృద్ధురాలు. చెవులు దాదాపు వినబడవు. కన్నీరు దిగమింగి ఆమె మళ్లీ అనువాదపు పనిలో కూర్చుంది. ఆ పని ముగించి 1922 ఏప్రిల్ 5న శాశ్వత నిద్ర పొందింది. సంపూర్ణ గ్రంథం 1924లో వెలువడింది.

భారత ప్రభుత్వం 1989లో ఆమె స్మృత్యర్థం తపాలా బిళ్ల విడుదల చేసింది. కేడ్గావ్‌లోని ముక్తి సంస్థ నేటికీ నిరాశ్రయులను ఆదరిస్తోంది. రమాబాయి విశ్వాసం ఆమెకు కష్టాలను తప్పించలేదు, మరణాలను ఆపలేదు. తనకు కలిగిన కష్టాన్ని ఇతరుల కన్నీరు తుడవడానికి వినియోగించే శక్తిని మాత్రం ఇచ్చింది. తల్లి పాడెను తలపై మోసిన ఆ బాలికయే తల్లిలేని వందలాది బాలికల భారాన్ని మోసింది. దైవంపై నమ్మకమంటే రేపటి కోసం నిరీక్షిస్తూ కూర్చోవడం కాదని, నేడు చేయవలసిన మేలును నిర్భయంగా చేయడమని ఆమె జీవితం మనకు బోధిస్తుంది.