వంటగదిలో దేవుని సన్నిధి: బ్రదర్ లారెన్సు జీవితం



విచారణలో ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడు తల్లుల నోట నేను తరచుగా వినే మాట ఒకటుంది. తెల్లవారుజామున లేచింది మొదలు పొయ్యి పని, పిల్లల పని, కూలి పనితోనే పొద్దు గడిచిపోతోందని, ప్రార్థనకు తీరిక చిక్కడం లేదని వారు బాధపడతారు. ఇది సాకు కాదు, నిజమైన వేదనే. దేవునికి దూరమైపోతున్నామేమోనన్న దిగులు అందులో ఉంది. ఆ తల్లుల కోసం, వారివలెనే పనిలో నలిగిపోయే తండ్రుల కోసం, ఈ వారం ఒక వంటవాని జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

ఆయన గురుపట్టం పొందినవారు కారు, పండితులూ కారు. శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించలేదు కూడా. అయినప్పటికీ 2025 డిసెంబరులో లెబనాను దేశం నుండి రోముకు తిరిగి వస్తూ పోపు 14వ లియోగారు, తన ఆధ్యాత్మిక జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే పునీత అగుస్తీనువారి రచనలతోపాటు ఈ వంటవాని చిన్న పుస్తకాన్ని కూడా చదవాలని విలేఖరులకు చెప్పారు. ఆ వంటవాడే పునరుత్థాన బ్రదర్ లారెన్సు.

ఆయన అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లొరేన్ సీమలోని ఎరిమెనిల్ అనే పల్లెలో పేద కుటుంబంలో జన్మించాడు. ఆ సీమ నేడు ఫ్రాన్సు దేశంలో ఉంది. పెద్ద చదువులు చదువుకునే భాగ్యం అతనికి కలుగలేదు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో, చలికాలంలో ఒకనాడు ఆకులన్నీ రాలి మోడువారిన చెట్టొకటి అతని కంటబడింది. కొద్ది దినాలలో ఆ మోడు మళ్ళీ చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది అనే తలంపు అతని మనస్సులో మెదిలింది. ఎండిన కొమ్మకు ప్రాణం పోసే దేవుని శక్తి, ఆయన కాపుదల ఎంత గొప్పవో ఆ క్షణంలో అతనికి తెలిసివచ్చాయి. అందరూ రోజూ చూసే చెట్టే అది. అతడు మాత్రం దానిలో సృష్టికర్త హస్తాన్ని చూశాడు.

అయితే ఆ దినం నుండే అతని జీవితం సాఫీగా సాగిపోయిందనుకోకండి. ఐరోపాను ముప్పది ఏండ్ల యుద్ధం (1618-1648) అతలాకుతలం చేస్తున్న రోజులవి. నికొలా సైన్యంలో చేరాడు. జర్మను సైనికులు అతనిని పట్టుకొని, గూఢచారి అని అనుమానించి, ఉరితీస్తామని బెదిరించారు. అతడు బెదరక నిలవడం చూసి విడిచిపెట్టారు. తరువాత 1635లో రాంబెర్విలే అనే పట్టణం దగ్గర గాయపడి తల్లిదండ్రుల ఇంటికి చేరుకున్నాడు. ఆ మీదట కుంటుతూ నడవడమే అతని వంతయింది.

కొంతకాలం ఏకాంతవాసం చేయాలని ప్రయత్నించాడు గాని అందులో నిలువలేకపోయాడు. పారిసు నగరం వెళ్ళి ఒక ఖజానా అధికారి ఇంట్లో సేవకునిగా కుదిరాడు. అక్కడా పెద్ద పేరు రాలేదు. చేతికందిన ప్రతి వస్తువునూ పగులగొట్టే మొరటు పనివాడని తనను గూర్చి తానే తరువాతి రోజుల్లో చెప్పుకునేవాడు. లోకం దృష్టిలో ఎందుకూ కొరగానివాడు. 1640లో పారిసులోని కార్మెల్ సభ మఠం తలుపు తట్టినది ఇటువంటి మనిషే. తన మొరటుతనానికి మఠంలో తగిన శిక్ష పడుతుందని, అలా తన జీవితాన్ని దేవునికి బలిగా అర్పించవచ్చని అతడు తలంచాడు. తీరా లోపల దొరికింది సంతోషమే. దేవుడు తనను భలే మోసగించాడని చెప్పి నవ్వుకునేవారట. 1642లో మాటపట్టు ఇచ్చి, సామాన్య సహోదరునిగా ఆ మఠంలోనే స్థిరపడ్డారు.

పెద్దలు ఆయనను వంటగదికి పంపారు. ఆయనకు స్వభావసిద్ధంగా వంటపని అంటే ఎంతో అయిష్టం. ఈ సంగతి మనం జాగ్రత్తగా గమనించాలి. ఇష్టమైన పనిని దేవునికి అర్పించడం ఎవరికైనా సులభమే. ఆయన అర్పించింది ఇష్టంలేని పనిని, అదీ ఒకటి రెండు రోజులు కాదు, సుమారు 15 సంవత్సరాలు. ఆ తరువాత మఠవాసుల చెప్పులు బాగుచేసే పని అప్పగించారు. మన సమాజం చిన్నచూపు చూసే ఆ పనిని ఆయన దేవుని సన్నిధిలో చేసే సేవగా భావించి ఆనందంగా చేశారు. మఠానికి కావలసిన ద్రాక్షారసం కొనడానికి దూరప్రాంతాలకు కూడా పంపేవారు. బేరసారాలు చేతగాని మనిషి. కుంటికాలుతో పడవలో నడవలేక పీపాలమీద దొర్లుకుంటూ కదలవలసి వచ్చేది. ఇది నీ పనే ప్రభూ అని దేవునికి అప్పగించి వెళ్ళేవారు, పని ముగించుకొని వచ్చేవారు.

ఆయన పద్ధతి చాలా సరళమైనది. పని మొదలుపెట్టే ముందు దేవునితో ఒక మాట చెప్పుకొని ఆయన వరప్రసాదాన్ని అడిగేవారు. పని చేస్తున్నంతసేపు మనస్సులో ఆయనతో మాట కలుపుతూ ఉండేవారు. పని ముగిశాక చక్కగా జరిగితే కృతజ్ఞత చెల్లించేవారు, లోటు జరిగితే క్షమాపణ కోరేవారు. తప్పు చేశానే అని రోజంతా కుమిలిపోకుండా, దేవుడు తన చేయి వదిలితే తాను చేసేది ఇంతేనని ఒప్పుకొని మళ్ళీ పనిలో పడేవారు. పెనం మీద అట్టు తిరగవేసినా దేవుని ప్రేమకోసమే తిరగవేసేవారు. నేలమీది గడ్డిపరకను తీసినా దేవుని ప్రేమకోసమే తీసేవారు. అందుకే ప్రార్థన గంట వేరు, పని గంట వేరు అనే తేడా చివరకు ఆయనకు లేకుండాపోయింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, దేవుడు సమస్త వస్తువులలో ఎలా ఉంటాడన్న విషయమై పునీత తోమాసు అక్వీనాసు వాదనలను మేము కంఠస్థం చేశాము. పరీక్షలో చక్కగా వ్రాశాము. అయితే ఆ దేవుడు మా భోజనశాల వెనుక పొయ్యి దగ్గర కూడా ఉన్నాడన్న సంగతి మాలో ఎందరికి తట్టిందో చెప్పలేను. మేము పుస్తకంలో చదివినదాన్ని బ్రదర్ లారెన్సు మసిబట్టిన గిన్నెల మధ్య జీవించారు.

ఇదంతా విని, ఆయనకు మొదటినుండీ మనశ్శాంతి ఉండి ఉంటుందని మీరు తలంచవచ్చు. అలా జరుగలేదు. మఠంలో చేరిన తరువాత సుమారు పదేళ్ళు ఆయన లోలోపల తీవ్రంగా బాధపడ్డారు. అందులో నాలుగేళ్ళపాటు తాను నిత్యనాశనానికి పోవడం ఖాయమనే భయం ఆయనను వెంటాడింది. ఎవరి మాటలూ ఆ భయాన్ని తొలగించలేకపోయాయి. చివరకు ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తాను రక్షింపబడినా, నశించినా, బ్రతికినంతకాలం దేవుని ప్రేమకోసమే జీవిస్తానని, ఈ బాధ జీవితాంతం ఉన్నా సరేనని తనను తాను అప్పగించుకున్నారు. ఆ తరువాతనే ఆయనకు శాంతి దొరికింది.

ఆత్మసమర్పణ అంటే ఇదే. మనం చాలాసార్లు దేవునితో బేరమాడతాం. రోగం తగ్గితే, పిల్లకు సంబంధం కుదిరితే, అబ్బాయికి ఉద్యోగం వస్తే నీవాడనవుతానంటాం. అడగడం తప్పు కాదు. తండ్రిని బిడ్డలు అడగక ఎవరు అడుగుతారు? కాని కోరినది దక్కకపోయినా నీ చేయి విడువను అని చెప్పగలిగిన రోజున మన భక్తికి వేరు పడుతుంది. అటువంటి వేరు ఉన్న చెట్టు చలికాలంలో మోడువారినా చావదు.

కుంటి వంటవాని వద్దకు సలహా కోసం గొప్పవారు కూడా వచ్చారు. 1666లో గురుశ్రీ జోసెఫ్ ద బొఫోర్ ఆయనతో సంభాషించడం మొదలుపెట్టి, విన్నవాటిని వ్రాసిపెట్టుకున్నారు. 1691 ఫిబ్రవరి 12న బ్రదర్ లారెన్సు పారిసులో ప్రశాంతంగా కన్నుమూసిన తరువాత, ఆయన లేఖలను, ఆ సంభాషణలను బొఫోర్‌గారే పుస్తకాలుగా వెలువరించారు. దైవసన్నిధి అభ్యాసం గురించిన ఆ చిన్న పుస్తకాన్ని కతోలికులే కాక ఇతర క్రైస్తవ సంఘాలవారు కూడా మూడువందల ఏండ్లకు పైగా ఆదరంతో చదువుతున్నారు.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. పనిలోనే దేవుణ్ణి తలచుకుంటున్నాం గదా, ఇక ఆదివార దివ్యబలిపూజ ఎందుకు, సాయంకాల జపమాల ఎందుకు అని ఎవరూ అనుకోరాదు. బ్రదర్ లారెన్సు మఠ నియమం ప్రకారం ప్రార్థన వేళలను పాటించిన మనిషి. పీఠం దగ్గర దొరికిన నిప్పునే వంటగదికి తెచ్చుకోవాలి. నిప్పు లేని పొయ్యి మీద ఏ అన్నం ఉడుకుతుంది?

కాబట్టి అమ్మా, రేపు తెల్లవారి పొయ్యి వెలిగించే ముందు ఒక్క క్షణం ఆగి సిలువ గుర్తు వేసుకో. బియ్యం కడిగేటప్పుడు ఆ అన్నం తినబోయే ఒక్కొక్కరి పేరూ ప్రభువుకు చెప్పు. అయ్యా, పొలం గట్టు మీద, ఆఫీసు కుర్చీలో, ఆటో నడిపే చోట నువ్వు కూడా పని మొదలుపెట్టే ముందు ఆ పనిని ఆయనకు అప్పగించు. మధ్యలో మరచిపోతే కంగారు పడవద్దు, గుర్తుకు వచ్చినప్పుడు మళ్ళీ మొదలుపెట్టు. రాత్రి దీపం ఆర్పేముందు, బాగున్నదానికి వందనం, బాగులేనిదానికి క్షమాపణ చెప్పి నిద్రపో. ప్రార్థనకు వేరుగా తీరిక దొరకలేదని దిగులుపడ్డ నీ ఇంట్లో, నీకంటే ముందే నిద్రలేచి వంటగదిలో ఒకరు నీకోసం వేచి ఉన్నారని నీకే తెలిసివస్తుంది.