శుద్ధోదనుడి దుఃఖం నుంచి పుట్టిన నియమం



సిరియాళుడి కథ మీలో చాలామంది చిన్నప్పుడే వినుంటారు. శివుడు భక్తుడి వేషంలో వచ్చి నరమాంసంతో భోజనం పెట్టమంటాడు. చిరుతొండ నంబి, తిరువెంగనాచి తమ కొడుకును తామే చంపి, వండి వడ్డిస్తారు. చివర్లో పిల్లవాడు బతికొస్తాడు, అందరూ చేతులు జోడిస్తారు. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణంలో చెప్పాడు, శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పాడు. మన తాతలు, అవ్వలు ఈ కథ విని కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ తల్లి చేతికి కత్తి ఇచ్చింది ఎవరు అని అడిగినవాళ్లు తక్కువ. దేవుడి మాటకు, కన్నప్రేమకు పోటీ వస్తే ప్రేమే ఓడిపోవాలని ఆ కథ నేర్పింది.

ఇదే ప్రశ్న బుద్ధుడి ముందుకు కూడా వచ్చింది. తెచ్చింది పరాయివాడు కాదు, కన్నతండ్రి శుద్ధోదనుడు. అప్పుడు ఏం జరిగిందో తెలుసుకుంటే, మీ బుద్ధుడు తల్లిదండ్రుల్ని, పెళ్లాం బిడ్డల్ని వదిలేసి పోయాడు కదా అని ఎవరైనా ఎత్తిపొడిచినప్పుడు మీరు తడబడక్కర్లేదు. అందుకే ఈసారి శుద్ధోదనుడి జీవితం చెప్పుకుందాం.

వెయ్యి నాగళ్ల ఆసామి

శుద్ధోదనుడు శాక్యుడు. ఊరు కపిలవస్తు. తండ్రి సింహహనుడు. శాక్యుల రాజ్యంలో కొన్ని పాలక కుటుంబాలు ఉండేవని, రాజు పదవి ఆ కుటుంబాలకు వంతుల ప్రకారం వచ్చేదని, సిద్ధార్థుడు పుట్టేనాటికి ఆ వంతు శుద్ధోదనుడిదని బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో రాశారు. పెద్ద భూస్వామి. ఆయన పొలాల్లో వెయ్యి నాగళ్లు నడిచేవని చెబుతారు.

దేవదహం ఊరి కోలియుల ఆడబిడ్డ మహామాయను పెళ్లాడాడు. లుంబినీ వనంలో కొడుకు పుట్టాడు. వారం తిరక్కుండానే ఆ తల్లి కన్నుమూసింది. ఆమె చెల్లెలు మహాప్రజాపతి గౌతమి పిల్లవాణ్ణి పెంచింది. ఈ బిడ్డ అయితే గొప్ప రాజవుతాడు, లేదంటే ఇల్లు విడిచి బుద్ధుడవుతాడని అసిత ముని చెప్పాడట. ఆ రోజు నుంచి శుద్ధోదనుడికి ఒకటే భయం. కొడుకు ఎక్కడ చెయ్యి జారిపోతాడో అని. మూడు కాలాలకు మూడు మేడలు కట్టించాడు. యశోధరనిచ్చి పెళ్లి చేశాడు. మనం పిల్లవాణ్ణి ఊరు దాటనివ్వకుండా ఇంటి దగ్గరే ఏదో ఒకటి చూపించి కట్టేయాలని చూస్తాం చూడండి, అలాంటిదే. ప్రేమ ఉంది, ఆ ప్రేమలో పట్టు కూడా ఉంది.

కొడుకు గడప దాటిన రోజు

అర్ధరాత్రి నిద్రపోతున్న భార్యాబిడ్డల్ని వదిలి సిద్ధార్థుడు దొంగచాటుగా వెళ్లిపోయాడనే కథ మనకు బాగా తెలుసు. బాబాసాహెబ్ దాన్ని ఒప్పుకోలేదు. 29 ఏళ్లు వచ్చేదాకా ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడకుండా ఎవరుంటారని అడిగారు. ఆయన చెప్పింది వేరు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానం చేసింది. సిద్ధార్థుడు ఒక్కడు ఎదురు నిలిచాడు. సంఘం మాట వినకపోతే శిక్ష తప్పదు. కుటుంబం మీద పడాల్సిన శిక్షను తన మీద వేసుకుని, పరివ్రాజకుడిగా దేశం విడిచి వెళ్లడానికి ఆయన సిద్ధపడ్డాడు.

ఆ కబురు ఇంటికి చేరేసరికి శుద్ధోదనుడు కుప్పకూలిపోయాడు. నువ్వొక్కడివే ఎందుకు, కుటుంబమంతా కలిసి దేశం విడిచి పోదాం పద అన్నాడు. గౌతమి కూడా ఏడుస్తూ అదే అంది. ఆస్తి, హోదా, వెయ్యి నాగళ్ల సేద్యం అన్నీ వదులుకోవడానికి సిద్ధమైన తండ్రిని ఇక్కడ చూడండి. సిద్ధార్థుడు వాళ్లకు నచ్చజెప్పి బయల్దేరాడు. మజ్ఝిమ నికాయంలోని అరియపరియేసన సుత్తంలోనూ ఇదే జాడ ఉంది. తల్లిదండ్రులకు ఇష్టం లేకపోయినా, వాళ్లు కన్నీళ్లతో ఏడుస్తుండగానే ఇల్లు విడిచానని బుద్ధుడే అక్కడ చెబుతాడు. ఆ కన్నీళ్లను ఆయన దాచిపెట్టలేదు, తక్కువ చేసి చెప్పలేదు.

తొమ్మిది మంది పోయి తిరిగి రాలేదు

ఏళ్లు గడిచాయి. కొడుకు బుద్ధుడయ్యాడని, రాజగృహంలో వేణువనంలో ఉన్నాడని కబురొచ్చింది. చచ్చేలోపు ఒక్కసారి చూడాలని శుద్ధోదనుడు మనుషుల్ని పంపాడు. నిదానకథ ప్రకారం ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది దూతలు వెళ్లారు. అందరూ ధమ్మం విని భిక్ఖువులైపోయారు. ఇచ్చిన కబురు చెప్పనేలేదు. ఇక్కడ ముసలి తండ్రి దారి కేసి చూస్తూనే ఉన్నాడు. చివరికి సిద్ధార్థుడి చిన్ననాటి స్నేహితుడు కాలుదాయిని పంపాడు. అతనూ భిక్ఖువయ్యాడు, కానీ తండ్రి మాట మర్చిపోలేదు. బుద్ధుణ్ణి కపిలవస్తుకు బయల్దేరదీశాడు.

వచ్చిన కొడుకు ఇంటికి రాలేదు. ఊరి బయట నిగ్రోధారామంలో దిగాడు. మర్నాడు పొద్దున్నే పాత్ర పట్టుకుని కపిలవస్తు వీధుల్లో ఇంటింటికీ భిక్షకు వెళ్లాడు. శుద్ధోదనుడు పరుగున వచ్చాడు. మన వంశంలో అడుక్కుతిన్నవాడు లేడని, ఇంతమందికి నేను అన్నం పెట్టలేననుకున్నావా అని బాధపడ్డాడు. అది మీ రాజవంశం సంగతి, నాది బుద్ధుల వంశం, భిక్షే మా ఆనవాయితీ అని బుద్ధుడు నెమ్మదిగా చెప్పాడు. తండ్రి ఆ పాత్ర అందుకుని, కొడుకును, భిక్ఖువులను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. ఆయన ధమ్మం వినడం అప్పుడే మొదలైంది.

నందుడు, తర్వాత రాహులుడు

మహాప్రజాపతికి పుట్టిన నందుడు శుద్ధోదనుడి రెండో కొడుకు. పెళ్లి ముహూర్తం దగ్గరపడ్డ సమయంలోనే బుద్ధుడి వెంట వెళ్లి భిక్ఖువయ్యాడు. ఇక మిగిలింది మనవడు రాహులుడు. వయసు ఏడేళ్లు. బుద్ధుడు వచ్చిన ఏడో రోజున యశోధర ఆ పిల్లవాణ్ణి తయారు చేసి, అడుగో మీ నాన్న, వెళ్లి నీ వారసత్వం అడుగు అని పంపింది. పిల్లవాడు తండ్రి వెనకే నడుస్తూ అదే అడిగాడు. బుద్ధుడి దగ్గర ఇవ్వడానికి పొలాలు లేవు, మేడలు లేవు. సారిపుత్తుణ్ణి పిలిచి రాహులుడికి ప్రబ్బజ్జ ఇమ్మన్నాడు. సంఘంలో తొలి సామణేరుడు రాహులుడే.

ఈ కబురు విన్న తాత గుండె పగిలింది. పెద్దకొడుకు పోయాడు, చిన్నకొడుకు పోయాడు, ఇప్పుడు మనవడు కూడా. ముగ్గురూ వెళ్లింది మంచి దారికే అని ఆయనకు తెలుసు. ఆ బుద్ధుడి మాట విని ఆయనే ధమ్మంలోకి వచ్చాడు. ఇక ఉపాసకుడు నోరు మూసుకుని తలవంచాలి కదా? మతం సంగతి తెలిసిన ఎవరైనా ఆయనకు అదే చెప్పేవారు. సిరియాళుడి కథ చెప్పేవారు కూడా అదే అంటారు.

శుద్ధోదనుడు తలవంచలేదు. అలాగని ధమ్మాన్ని వదిలి పోలేదు. నేరుగా బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు.

ఆయన అడిగింది

ఇది వినయపిటకంలో, మహావగ్గంలో ఉంది. శుద్ధోదనుడు నమస్కరించి పక్కన కూర్చుని, ఒక వరం కావాలన్నాడు. తథాగతులు వరాలిచ్చే స్థితిని దాటినవాళ్లని బుద్ధుడు చెప్పాడు. నేను అడిగేది తగినదే, అందులో తప్పేమీ లేదని ఈయన అన్నాడు. అయితే చెప్పమన్నాడు బుద్ధుడు.

అప్పుడు ఆ ముసలాయన తన బాధ చెప్పుకున్నాడు. నువ్వు వెళ్లిపోయినప్పుడు చిన్న దుఃఖం కాదు, నందుడు వెళ్లినప్పుడూ అంతే, రాహులుడు వెళ్లేసరికి అది హద్దు దాటిపోయింది అన్నాడు. పిల్లల మీది ప్రేమ చర్మాన్ని కోస్తుంది, మాంసాన్ని కోస్తుంది, నరాల్ని, ఎముకల్ని కోసి మూలుగ దాకా పోయి అక్కడే నిలిచిపోతుందని చెప్పాడు. ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డకూ ప్రబ్బజ్జ ఇవ్వవద్దని అడిగాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. రాహులుణ్ణి నాకు తిరిగి ఇచ్చెయ్యమని ఆయన అడగలేదు. తనకు జరిగింది జరిగిపోయింది. తనకు ముఖం కూడా తెలియని తల్లిదండ్రుల కోసం, ఇంకా పుట్టని పిల్లల కోసం అడిగాడు. మేడలు కట్టి కొడుకును పట్టి ఉంచాలని చూసిన తండ్రి, ఇప్పుడు తన దుఃఖాన్ని పదిమందికి పనికొచ్చేలా మార్చాడు.

బుద్ధుడు ఏం చేశాడో కూడా చూడండి. ఈ ప్రేమంతా మోహం, వదిలెయ్యి అనలేదు. సంఘం పని నీకెందుకు అనలేదు. ధమ్మ బోధ చేసి, ధైర్యం చెప్పి పంపాడు. ఆ వెంటనే భిక్ఖువులను కూర్చోబెట్టి నియమం పెట్టాడు: తల్లిదండ్రుల అనుమతి లేని బిడ్డకు ప్రబ్బజ్జ ఇవ్వకూడదు, ఇస్తే ఇచ్చిన భిక్ఖువుది తప్పు, దుక్కట దోషం. తప్పు ఎవరి మీద పెట్టారో గమనించండి. ఏడ్చిన తండ్రి మీద కాదు, అడగకుండా తీసుకెళ్లిన సంఘం మీద. పైగా అనుమతి తండ్రి ఒక్కడిదే సరిపోదు, తల్లిది కూడా కావాలి. తల్లి మాటకు విలువ లేని కాలంలో పెట్టిన నియమం అది. ఈ రోజుకూ ఉపసంపద ఇచ్చేటప్పుడు, నీ తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని సంఘం ముందు అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉన్నది శుద్ధోదనుడే.

ప్రేమకు కూడా పరీక్ష ఉంది

అలాగని తల్లిదండ్రులు ఏమంటే అదే వేదం అని కూడా కాదు. కురు దేశంలో రట్ఠపాలుడనే యువకుడు భిక్ఖువునవుతానని వచ్చాడు. ఇంట్లో ఒప్పుకున్నారా అని బుద్ధుడు అడిగాడు. లేదంటే వెనక్కి పంపేశాడు. అతను ఇంటికెళ్లి కటిక నేల మీద పడుకుని అన్నం మానేశాడు. తల్లిదండ్రులు బతిమాలారు, స్నేహితులు మధ్యలో మాట్లాడారు. చివరికి వాళ్లే మెత్తబడి, అప్పుడప్పుడు వచ్చి కనిపించాలని చెప్పి పంపారు. సంఘం బిడ్డను లాక్కోలేదు. తల్లిదండ్రులు కూడా బిడ్డ మనసు వినాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు వినడమే ఆ నియమంలోని అసలు పని.

రాహులుడి సంగతి కూడా చెప్పాలి. తండ్రి అతన్ని సంఘంలో చేర్చి వదిలేయలేదు. కడిగిన పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపించి, అబద్ధం ఆడేవాడిలో మిగిలే మంచితనం ఇంతే అని పిల్లవాడికి అర్థమయ్యేలా నేర్పాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన బోధను అందరూ చదవాలని అశోకుడు బైరాట్ దగ్గర శిలాశాసనంలో చెక్కించాడు. రాహులుడు అడిగిన వారసత్వం అలా అందింది.

చివరి రోజులు

కొన్నేళ్లకు శుద్ధోదనుడు మంచం పట్టాడు. బుద్ధుడు అప్పుడు వైశాలిలో ఉన్నాడు. కబురు తెలిసి తండ్రి దగ్గరికి వచ్చాడు. పక్కన కూర్చుని ధమ్మం చెప్పాడు. శుద్ధోదనుడు కాషాయం కట్టకుండానే, గృహస్థుగానే అరహంతుడై కన్నుమూశాడని అట్ఠకథలు చెబుతాయి. ఆ తర్వాతే మహాప్రజాపతి గౌతమి శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని, జుట్టు తీయించుకుని, వైశాలి దాకా నడిచి వెళ్లి భిక్ఖుణి సంఘం కోసం అడిగింది. ఆ ఇంట్లో అడగడం అందరికీ తెలుసు.

ఇక మన ఇళ్ల సంగతి

మనలో చాలా ఇళ్లలో ఒకే కప్పు కింద రెండు మూడు నమ్మకాలు ఉన్నాయి. కొడుకు 22 ప్రతిజ్ఞలు తీసుకున్నాడు, తల్లి ఇంకా పోచమ్మకు బోనం ఎత్తుతోంది. లేదా ఆదివారం చర్చికి వెళుతోంది. ఇంకో ఇంట్లో తండ్రి బౌద్ధుడు, కూతురు వందనకు కూర్చోనంటోంది. అప్పుడు మీరేం చేస్తారు? అమ్మ పెట్టుకున్న పటాలు తీసి బయట పారేస్తే, మీరు ధమ్మం పేరుతో చేసింది దౌర్జన్యమే. కూతురి చెయ్యి పట్టి బలవంతంగా కూర్చోబెడితే, వందన ఆమెకు శిక్షలా ఉంటుంది.

బాబాసాహెబ్‌ను చూడండి. హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935లో. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు చదివారు, వాదించారు, తన వాళ్లకు నచ్చజెప్పారు. లక్షల మంది తమంత తాముగా వచ్చారు.

మీ పిల్లల్ని శ్రామణేర శిబిరానికి పంపాలనుకుంటే ముందు ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. తండ్రి ఒక్కడే నిర్ణయించి తల్లికి చివర్లో చెప్పడం ఆ నియమానికి విరుద్ధం. పిల్లవాణ్ణి కూడా అడగండి. శిబిరం నడిపేవాళ్లు తల్లిదండ్రుల మాట తెలుసుకోకుండా ఒక్క బిడ్డను కూడా చేర్చుకోవద్దు. బిడ్డ వెళ్లనంటే, ఎందుకో వినండి. బిడ్డ వెళ్తానంటే, మీ భయం ఏమిటో దాచకుండా చెప్పండి.

సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రుల బాధ్యతలు ఐదు ఉన్నాయి: చెడు నుంచి ఆపడం, మంచికి తిప్పడం, పని నేర్పడం, తగిన పెళ్లి చేయడం, సమయానికి వారసత్వం అప్పగించడం. బిడ్డను బలి ఇవ్వడం ఆ ఐదింటిలో లేదు. ధమ్మం పేరు చెప్పి ఎవరైనా మీ కన్నప్రేమను చంపుకోమంటే, వాళ్లను మహావగ్గం తెరవమనండి. శుద్ధోదనుడు ఏం అడిగాడో, బుద్ధుడు ఏం ఒప్పుకున్నాడో అక్కడుంది.

సాధు! సాధు! సాధు!