దోమ గుట్టు విప్పిన రాస్ దొర

1883లో బెంగుళూరులో రొనాల్డ్ రాస్ కుర్ర సైనిక వైద్యుడు. గదిలో దోమలు నిద్రపోనిచ్చేవి కావు. కిటికీ పక్కనున్న నీళ్ళతొట్టిలో దోమపిల్లలు కదలడం చూసి నీరు పారబోయించారు. దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా ఖాళీ చేయిద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదు.

రాస్ 1857లో అల్మోరాలో జన్మించారు. చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందనేది ఆనాటి నమ్మకం. దోమల మీద అనుమానంతో రాస్ 1895 నుంచి సికిందరాబాదులో వందల దోమలను కోసి పరీక్షించారు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగి దోమతెరలో పడుకుని కుట్టించుకున్నాడు. దోమకు అణా చొప్పున కూలి. ఆ పేదవాని పేరు ఇప్పుడు ఎందరికి తెలుసు! ఆ నెల 20న మచ్చల రెక్కల దోమ పొట్టగోడలో రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టారు. మరుసటి ఏడు కలకత్తాలో పిట్టలపై పరీక్షలు జరిపి, రోగం దోమకాటుతోనే సోకుతుందని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. గుంటలు పూడ్చడానికి, పాత డబ్బాలు ఏరడానికి, నిలవనీటిపై కిరసనాయిలు చల్లడానికి కూలీల దళాలు పెట్టాలని ఊరూరా చెప్పారు. ఈజిప్టులో సూయజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియా పట్నంలో 1902 నుంచి అలాగే చేయగా జ్వరాలు బాగా తగ్గాయి. లాహోరు దగ్గర మియాన్‌మీర్ దండులో మాత్రం అదే పని ఫలించలేదు. అరకొర ఖర్చుతో, అరకొర మనుషులతో చేశారని రాస్ మండిపడ్డారు.

చివరిదాకా దోమలపై పోరాడుతూనే 1932లో లండన్‌లో కన్నుమూశారు.