ఎండలు ఎందుకు పెరుగుతున్నాయి? 1896లోనే లెక్క కట్టిన అర్హీనియస్ జీవితం – మామిడి రైతుకు పనికొచ్చే విషయాలు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల మామిడి తోటల్లో పూత ఆలస్యమైనా, పిందె రాలినా రైతులు అనే మాట ఒక్కటే: వాతావరణం మారిపోయింది. ఎందుకు మారిందంటే మాత్రం తలా ఒక మాట చెబుతారు. చెట్లు నరకడం వల్లనని కొందరు, బొగ్గు, పెట్రోలు, డీజిలు మంట వల్లనని కొందరు, ఇదంతా ఎప్పుడూ ఉండే కాల మార్పేనని ఇంకొందరు. ఈ ప్రశ్నకు మొదటిసారి అంకెలతో జవాబు చెప్పిన వ్యక్తి స్వీడన్ దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్. బోరు నీటి పరీక్ష, కాయ మాగడం, ఎండల పెరుగుదల, ఈ మూడింటిని అర్థం చేసుకోవడానికీ ఆయన చేసిన పని ఉపయోగపడుతుంది.

చదువు, మొదటి ఎదురుదెబ్బ

అర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19న స్వీడన్‌లోని ఉప్సాలా పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి భూమి సర్వేయరు. చిన్నతనం నుంచే లెక్కల్లో చురుకు. 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న కణాలుగా, అంటే అయాన్లుగా విడిపోతుందని, నీటిలో కరెంటు ప్రవహించడానికి అవే కారణమని తర్వాతి ఏళ్లలో ఆయన తేల్చిన సిద్ధాంతానికి పునాది అందులోనే ఉంది. ఆచార్యులు దాన్ని నమ్మలేదు. చాలా తక్కువ శ్రేణి ఇచ్చి పంపారు. అదే పనికి 1903లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి స్వీడన్ పౌరుడు ఆయనే.

మన భూసార, నీటి పరీక్ష నివేదికల్లో కనిపించే ఈ.సి. విలువ ఈ సూత్రం మీదే ఆధారపడింది. నీటిలో లవణాలు ఎంత ఎక్కువగా ఉంటే కరెంటు అంత సులువుగా పారుతుంది. వేర్లు పోషకాలను తీసుకునేది కూడా ఎక్కువగా అయాన్ల రూపంలోనే.

1889లో ఆయన మరో సూత్రం ఇచ్చారు. వేడి పెరిగిన కొద్దీ రసాయన చర్యల వేగం ఎలా పెరుగుతుందో చెప్పే సమీకరణం అది. ఇంటర్ విద్యార్థులు నేటికీ దాన్ని అర్హీనియస్ సమీకరణం పేరుతోనే చదువుతారు. కోసిన కాయలో జరిగే శ్వాసక్రియ కూడా రసాయన చర్యే. మామూలు వాతావరణంలో వేడి 10 డిగ్రీలు పెరిగితే కాయ శ్వాసక్రియ వేగం రెండింతలు, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. ఎండలో కుప్ప పోసిన కాయ త్వరగా పాడవడానికి ఇదే కారణం.

ఏడాది పాటు చేతి లెక్కలు

అప్పట్లో యూరప్ శాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న ఎండలు కాదు, మంచు. పూర్వం యూరప్‌లో ఎక్కువ భాగం మంచుతో కప్పబడి, మళ్లీ కరిగింది ఎందుకు? గాలిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఎక్కువ తక్కువలు కావడం వల్ల ఇలా జరిగి ఉండవచ్చా అని అర్హీనియస్ ఆలోచించారు. ఈ వాయువు, నీటి ఆవిరి నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచుతాయని అప్పటికే ప్రయోగాల్లో తేలింది. ఎంత వాయువుకు ఎంత వేడి అన్నది మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

1894 డిసెంబరులో ఆయన ఆ లెక్క మొదలుపెట్టారు. చంద్రుడి నుంచి వచ్చే వేడిపై అమెరికా శాస్త్రవేత్త లాంగ్లీ తీసుకున్న కొలతలను ఆధారం చేసుకున్నారు. భూమిని అక్షాంశాల వారీగా, రుతువుల వారీగా విడగొట్టి వేల లెక్కలు చేత్తోనే చేశారు. ఆ రోజుల్లోనే సంసారం విచ్ఛిన్నమై భార్య సోఫియా దూరమయ్యారు. అయినా పని ఆపలేదు. 1896లో ఫలితం అచ్చయింది. వాయువు సగానికి తగ్గితే భూమి 4 నుంచి 5 డిగ్రీలు చల్లబడుతుందని, రెట్టింపైతే 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుందని అందులో తేల్చారు.

ఆయనకు ఎదురైన వాదన

1900లో స్వీడన్‌కే చెందిన నట్ ఆంగ్‌స్ట్రోమ్ ఈ లెక్కను కాదన్నారు. గొట్టంలో వాయువు పరిమాణం మార్చి చూస్తే, పట్టే వేడిలో పెద్ద తేడా కనిపించలేదు. ఉన్న వాయువే పట్టగలిగినంత పట్టేస్తోంది, ఇంకా కలిపితే ఏమీ కాదన్నది ఆ వాదన. చాలామంది దాన్నే నమ్మారు. దశాబ్దాల పాటు అర్హీనియస్ లెక్క మూలన పడింది.

ఆ వాదనలోని లోపం 1950ల నాటికి స్పష్టమైంది. గాలి ఒకే పొర కాదు. ఒకదాని మీద ఒకటి కప్పిన గొంగళ్ల లాంటిది. వేడి చివరగా ఆకాశంలోకి పోయేది పైన ఉన్న పలచని, చల్లని పొరల నుంచి. పైన వాయువు పెరిగితే మరో గొంగళి కప్పినట్టే, కింద వేడి నిలుస్తుంది. 1958 నుంచి హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు మిగతా అనుమానం తీర్చాయి. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లున్న వాయువు ఇప్పుడు 420 దాటింది. పరిశ్రమలు రాకముందు సుమారు 280 ఉండేది.

మరి కారణం ఎవరు?

ఎండల పెరుగుదలకు సూర్యుడే కారణమైతే గాలి పై పొరలు కూడా వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే, చాలా ఎత్తున ఉన్న పొరలు చల్లబడుతున్నాయి. గొంగళి కప్పినప్పుడే ఇలా జరుగుతుంది. పెరిగిన వాయువులోని కార్బన్ రకాన్ని పరీక్షిస్తే అది ప్రధానంగా బొగ్గు, పెట్రోలియం మంట నుంచి వచ్చిందని తెలుస్తోంది. అడవుల నరికివేత కూడా కారణమే, కానీ దాని వాటా తక్కువ. 1901 నుంచి 2018 వరకు భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది.

అర్హీనియస్ చెప్పినవన్నీ నిజం కాలేదు. వాయువు రెట్టింపైతే సుమారు 3 డిగ్రీలు పెరుగుతుందని నేటి అంచనా, అంటే ఆయన అంకె ఎక్కువ. బొగ్గు వాడకం ఇంత వేగంగా పెరుగుతుందని కూడా ఆయన ఊహించలేదు, మార్పుకు శతాబ్దాలు పడుతుందనుకున్నారు. పైగా చలిదేశపు మనిషి కాబట్టి, వేడి పెరిగితే పంటలకు మేలేనని 1908లో వచ్చిన తన పుస్తకంలో ఆశపడ్డారు. ఆయన 1927 అక్టోబరు 2న స్టాక్‌హోమ్‌లో మరణించారు. కారణం విషయంలో ఆయన లెక్క నిలిచింది, మేలు జరుగుతుందన్న ఆశ మాత్రం మనలాంటి వేడి ప్రాంతాలకు వర్తించలేదు.

మామిడికి పూమొగ్గ రావాలంటే శీతాకాలంలో చల్లని రాత్రులు, పొడి వాతావరణం కావాలి. రాత్రులు వెచ్చగా ఉండి తేమ తోడైతే పూత బదులు కొత్త చిగురు వస్తుంది. పూత మీద మబ్బు, అకాల వర్షం పడితే తేనెమంచు పురుగు, పక్షికన్ను తెగులు పెరుగుతాయి. పిందె దశలో వడగాలి వీస్తే రాలుడు ఎక్కువవుతుంది.

రైతులు పాటించవలసినవి

• పూతకు ముందు రెండు మూడు నెలలు కాపు తోటకు నీరు ఆపాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడులు ఇవ్వాలి.

• పాదుల్లో ఎండుటాకు, గడ్డితో మల్చింగ్ చేయాలి. ఆకు తగలబెడితే నేలకు చేరాల్సిన సేంద్రియ పదార్థం పోతుంది.

• బోరు నీటిని ఏటా పరీక్ష చేయించి ఈ.సి. చూసుకోవాలి. మామిడి లవణాలను అంతగా తట్టుకోలేదు. విలువ 0.7 లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువైతే అధికారుల సలహా తీసుకోవాలి.

• కాయలను ఉదయం చల్లని వేళ కోసి వెంటనే నీడకు చేర్చాలి. రసాలకు ఇది మరీ ముఖ్యం.

• మాగవేయడానికి కార్బైడ్ వాడరాదు, అది నిషేధం. అనుమతించిన మోతాదులో ఇథిలీన్ గ్యాస్ వాడుకోవచ్చు.

• పూత, పిందె తేదీలను, పడిన వానను ఏటా పుస్తకంలో రాసుకోవాలి. నాలుగైదేళ్ల లెక్క చేతిలో ఉంటే తోటలో మారిందేమిటో అంచనాతో కాక ఆధారంతో చెప్పవచ్చు.

మరిన్ని వివరాలకు నూజివీడులోని మామిడి పరిశోధన స్థానాన్ని లేదా మీ మండల ఉద్యాన అధికారిని సంప్రదించండి.