బ్రౌను నేర్చిన తెలుగు

1820వ సంవత్సరము ఆగస్టు మాసమున కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడుగా నొక యాంగ్ల యువకుడు వచ్చి చేరెను. ఆతనికి ఇరువది రెండేండ్లయినను నిండలేదు. రెండు నెలల క్రిందటనే మదరాసులో తెలుగు పరీక్ష నెగ్గియుండెను. ఈ యువకుడే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషాభిజ్ఞుడు. కుమారునకు బాల్యముననే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ భాషలతో పరిచయము గలిగించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబ మింగ్లండునకు తరలిపోయెను. కంపెనీ కొలువులో ప్రవేశింపగోరు యువకులకై నెలకొల్పబడిన హెయిలీబరీ కళాశాలలో బ్రౌను చదివి, 1817 ఆగస్టు 4వ తేదీన మదరాసు రేవున దిగెను. ఆ నగరమున, 1812లో స్థాపితమైన సెయింటు జార్జి కోట కళాశాలలో, క్రొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పుచుండిరి. అచ్చట వెలగపూడి కోదండరామ పంతులుగారు బ్రౌనునకు తెలుగు చెప్పిరి. క్యాంబెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణ మప్పటికి అచ్చుపడి నాలుగేండ్లు మాత్రమే యైనది.

పరీక్షకు పనికివచ్చిన తెలుగు వేరు, కడపలో వినవచ్చిన తెలుగు వేరు. కచ్చేరిలో రైతు తన గోడు చెప్పుకొను మాట, సంతలో బేరమాడు మాట, పద్యము చదువు పండితుని మాట, ఇవి మూడును మూడు తెరగులు. ఉద్యోగి యగువాడు ప్రజల భాష నెరుగవలెనని ఆ కాలపు గవర్నరు సర్ థామస్ మన్రో పట్టుపట్టియుండెను. దొరలలో పెక్కండ్రు పరీక్ష గట్టెక్కినంతనే తృప్తిపడిరి. బ్రౌనునకు ఆ తృప్తి కలుగలేదు.

కావ్యములు చదువబూనగా చిక్కు లెదురయ్యెను. తాటాకులపై పదవిభాగము లేకుండ వ్రాయబడిన పద్యములను, సంధులు విడదీయనేరని విదేశీయు డెట్లు చదువగలడు? అవియు తప్పులతడకలు. ఒక ప్రతిలోని పాఠము మరియొక ప్రతిలో లేదు. పండితులో, తాము బాల్యమున నేర్చిన రీతినే పరులకును నేర్పజూచువారు. ముందు సంస్కృతము, అమరము, వ్యాకరణము, పిమ్మటనే తెలుగు. ఆ లెక్కన ఉద్యోగము చేయుచు చదువువాని యాయుర్దాయము చాలదు. అందుచే బ్రౌను గురువులు చూపిన మార్గమును విడిచి, గురువులకే క్రొత్త మార్గము చూపెను. ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతిని కాగితముపై వ్రాయించెను. సులభశైలిలో టీక కూర్పించెను; పద్యములకు అకారాది సూచికలు చేయించెను. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి మున్నగువా రీ పనిలో ఆయనకు కుడిభుజములైరి.

వేమన్న విషయము మరింత చిత్రమైనది. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన గ్రంథములో ఆ కవి పేరును బ్రౌను చూచెను. ఇంటింట పిల్లలు చదువు ఆ పద్యములను పండితులు లెక్కసేయకుండిరి. బ్రౌను ప్రతులు సేకరించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839 నాటి ముద్రణలో ఆ సంఖ్య 1164కు పెరిగినది. పండితు లీసడించు ద్విపదనుగూడ ఆయన ఆదరించి అచ్చొత్తించెను. భాష నేర్చువానికి ద్విపద యెంత సుగమమో ఎరిగినవాడు గావున, ఈ విషయమున ఆయన నిర్ణయమే సరియైనదని చెప్పక తప్పదు.

కడపలో ఒక బంగళాను, దాని చుట్టునున్న తోటను కొని, అందు పండితులకు వసతి కల్పించెను. వారి జీతములు, కాగితము, లేఖకుల కూలి, అన్నియు ఆయన చేతి సొమ్ములోనివే. జీతము చాలక అప్పులు చేసెను. 1821లో కడపయందును, 1823లో మచిలీపట్టణమందును ఉచిత పాఠశాలలను గూడ నెలకొల్పెను. కంపెనీవారి దృష్టి కిదియంతయు ఒక వెర్రిగా తోచియుండును. 1834లో ఆయనకు ఉద్యోగము పోయెను. అప్పులు మాత్రము పోలేదు.

ఇంగ్లండు చేరియు ఆయన ఊరకుండలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా దిక్కులేక పడియుండుట చూచి, వానిని మదరాసునకు పంపించు ఏర్పాటు చేయించెను. 1837లో తిరిగి వచ్చి, పారసీ అనువాదకుడుగా కొలువు సంపాదించి, పిదప పోస్టుమాస్టరు జనరలుగా పనిచేసెను. పగలు కచ్చేరి, తక్కిన వేళ నిఘంటువు. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వెలువడెను. కావ్యములలోని పదములతోపాటు నిత్యవ్యవహారమున వినవచ్చు మాటలకును ఆయన చోటిచ్చెను. కచ్చేరిలో, బజారులో చెవిని బడిన మాటలు అట్లు అచ్చులోని కెక్కినవి. తాను సేకరించిన వ్రాతప్రతులను 1845లో మదరాసు లిటరరీ సొసైటీకి అప్పగించెను. అవి పిమ్మట ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి.

ఆరోగ్యము చెడి 1855లో ఆయన స్వదేశమునకు మరలెను. వివాహము చేసికొనలేదు. వార్ధక్యమున లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండెను. ఒకనాడు కోదండరామ పంతులుగారి యెదుట అక్షరములు దిద్దినవాడు, తన దేశపు పిల్లలకు ఆ యక్షరములే దిద్దించు పని చేపట్టెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో మరణించెను. కడపలో ఆయన బంగళా శిథిలమై నేలమట్టమాయెను. పిమ్మట శతాబ్దము గడచిన తరువాత, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మున్నగువారి పూనికచే, ఆ స్థలముననే ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది.